‘నేను పోతే అంగడి మూసి ఉంది’: వాక్యాలు తర్జుమా చేస్తూ ఇంగ్లీషు నేర్చుకున్న నా అనుభవం

2022 జనవరిలో హైదరాబాద్ ఆఫీసు నుంచి నాకొక మెయిల్ వచ్చింది. ఒకే ఒక్క లైను. "సో యూ డిడ్ నాట్ గో?" అయితే నువ్వు పోలేదన్నమాట, అని.

నేను పోయాను. ఒకసారి కాదు, రెండుసార్లు పోయాను. ప్రొద్దుటూరు నుంచి మైదుకూరుకు బండి మీద పోయి, మూసిన షట్టరు ముందు అరగంట నిలబడి వచ్చాను. విత్తనాలు, పురుగుమందులు అమ్మే ఒక కంపెనీకి మా ఏరియాలో లెక్కలు, వసూళ్లు చూసే పని నాది. ఒక డీలరు బాకీ ఎందుకు వసూలు కాలేదో రాసి పంపమని మేనేజరు అడిగాడు. ఆయన ఉత్తరాదివాడు, తెలుగు రాదు. నా మనసులో ఉన్న వాక్యం ఇది: ‘నేను పోతే అంగడి మూసి ఉంది.’ దాన్ని ఇంగ్లీషులో పెట్టి పంపాను. "ఇఫ్ ఐ వెంట్, షాప్ వాజ్ క్లోజ్డ్."

పోతే అంటే ఇఫ్. పోయాను కాబట్టి వెంట్. నా లెక్క ప్రకారం ఎక్కడా తప్పు లేదు. ఆయనకు మాత్రం ‘నేను వెళ్లి ఉంటే’ అన్నట్టు వినపడింది. పోనివాడు చెప్పే సాకులాగా ఉంది. తర్వాత ఫోన్‌లో వచ్చీరాని హిందీతో సర్దిచెప్పుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. స్పెల్లింగ్ తప్పయితే సిగ్గుపడి ఊరుకునేవాణ్ణి. ఇక్కడ చేసిన పని చేయనట్టు అయిపోయింది.

పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం. పరీక్షల్లో ఇంగ్లీషు ఎప్పుడూ పాసే. మాటలు తెలుసు. స్టాక్, ఇన్వాయిస్, పెండింగ్, డెలివరీ అన్నీ తెలుసు. చిన్న వాక్యాలైతే రాసేవాణ్ణి కూడా. రెండు సంగతులు ఒకే వాక్యంలో చెప్పాల్సి వస్తే మాత్రం చేతులు వణికేవి. అంతకుముందు 45 రోజుల స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు ఒకటి చేశాను. అక్కడ తెలుగు నోట్లోంచి వస్తే ఫైను. ‘ఇంగ్లీషులోనే ఆలోచించండి’ అనేవాళ్లు. లేనిదాంట్లో ఎట్లా ఆలోచించాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. 46వ రోజు నుంచి మళ్లీ మామూలే.

మా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన సారు రిటైరై కడపలో ఉంటున్నారు. ఎర్రముక్కపల్లెలో, సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి దగ్గర్లోనే ఇల్లు. ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి పోయి ఆ మెయిలు చూపించాను. చదివి ఆయన నవ్వలేదు. "నేను పోతే అని రాసినావు. నువ్వు పోతే అంగడి ఎందుకప్పా మూస్తారు, అంత పెద్ద మనిషివా?" అన్నారు. ‘పోతే’కు ఉన్న రెండో అర్థం తట్టేసరికి నేనే నవ్వాను.

తర్వాత ఒక తెల్లకాగితం తీసి మూడు తెలుగు వాక్యాలు రాశారు.

వాన పడితే పంట పండుతుంది.
సాయంత్రం అయితే దోమలు వస్తాయి.
నేను పోతే అంగడి మూసి ఉంది.

"మూడిట్లోనూ ‘తే’ ఉంది. మూడూ ఒకటేనా?" అని అడిగారు. మొదటిదాంట్లో వాన పడొచ్చు, పడకపోవచ్చు. అది ఇఫ్. రెండోదాంట్లో సాయంత్రం కావడం ఖాయం. అది వెన్. మూడోదాంట్లో పోవడం జరిగిపోయింది. అదీ వెన్. "తెలుగులో ‘తే’ చూసి ఇఫ్ పెట్టొద్దు. పని జరుగుతుందో లేదో తెలియకపోతేనే ఇఫ్. జరిగిందీ, జరిగితీరేదీ అయితే వెన్" అన్నారు. పన్నెండేళ్లు బళ్లో ఇంగ్లీషు చదివినా ఈ ఒక్క ముక్క నాకెవరూ చెప్పలేదు. సారే బళ్లో చెప్పి ఉంటారేమో. అప్పుడు నేను కిటికీలోంచి చూస్తూ ఉంటాను.

ఆరోజు నాకు పని ఒప్పజెప్పారు. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కు ఒకటి కొనాలి. ఎడమ పేజీలో తెలుగు వాక్యం, కుడి పేజీలో ఇంగ్లీషు. రోజుకు పది వాక్యాలు. షరతు ఒకటే. ‘రాముడు మంచి బాలుడు’ లాంటి పుస్తకాల వాక్యాలు పనికిరావు. ఆరోజు నేను అన్నవో, విన్నవో అయ్యుండాలి. బస్సులో, అంగట్లో, ఇంట్లో. "నీకు అవసరమైన వాక్యాలు నీ నోట్లోనే ఉంటాయి" అన్నారు. ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ వాడొచ్చా అని అడిగితే, రాసినాక సరిచూసుకోవడానికైతే వాడుకో, రాయకముందు వద్దు అన్నారు. మొదటి వారం ఆ మాట తప్పాను. ఫోను బాగానే రాసిపెట్టేది. నోట్‌బుక్కు నిండేది, నా బుర్ర మాత్రం ఎక్కడిదక్కడే ఉండేది.

రెండో వారం ఫోను పక్కన పెట్టి నేనే రాశాను. ఆ ఆదివారం నా డెబ్భై వాక్యాల్లో అరవైకి పైగా ఎర్ర ఇంకు పడింది. అందులో ఒకటి ఇప్పటికీ గుర్తే. ‘పొద్దున్నే లేచి, నీళ్లు పోసుకుని, తిని, బస్సెక్కి, ఆఫీసుకు పోయి చూస్తే, తాళంచెవి ఇంట్లోనే మర్చిపోయినా.’ దీనికి నేను ‘ఆఫ్టర్’ అనే మాట ఐదుసార్లు వాడి, ‘ఇఫ్ ఐ సీ’ అని కూడా తగిలించి, ఐదు లైన్ల ఇంగ్లీషు రాశాను. రైలుబండిలాగా సాగింది.

సారు దాన్ని చదివి, పదో తరగతి తెలుగు వ్యాకరణం గుర్తుందా అని అడిగారు. ఇంగ్లీషు కోసం వస్తే తెలుగు అడుగుతారేంటి అనుకున్నాను. సామాన్య వాక్యం, సంశ్లిష్ట వాక్యం, సంయుక్త వాక్యం. మార్కుల కోసం బట్టీ కొట్టినవే. సమాపక క్రియ, అసమాపక క్రియ. ‘తిని’ క్త్వార్థకం, ‘తింటూ’ శత్రర్థకం, ‘తింటే’ చేదర్థకం, ‘తిన్నా’ అప్యర్థకం. ఈ పేర్లు పలకడానికి అప్పట్లో నోరు తిరిగేది కాదు. ఇవి జీవితంలో ఎందుకు పనికొస్తాయని మేమంతా నవ్వుకునేవాళ్లం. వీటి పని ఇదన్నమాట.

ఆయన చెప్పింది నా మాటల్లో చెప్తాను. తెలుగు సంశ్లిష్ట వాక్యంలో ఎన్ని పనులున్నా, పూర్తయిన క్రియ ఒక్కటే. అది చివర్లో కూర్చుంటుంది. ఎవరు, ఎప్పుడు అనేవి రెండూ దాని దగ్గరే ఉంటాయి. ముందున్న ‘లేచి’, ‘తిని’, ‘ఎక్కి’, ‘చూస్తే’ అన్నీ సగం క్రియలు. వాటికి కాలం లేదు, కర్త బయటికి కనపడదు. ఇంగ్లీషు క్లాజు, అంటే ఒక క్రియ చుట్టూ ఉండే వాక్యపు ముక్క, అట్లా కాదు. ప్రతి క్లాజుకూ తన కర్త తనకుండాలి, తన కాలం తనకుండాలి. ఉమ్మడి కుటుంబంలో పెద్దాయన ఒక్కడి దగ్గరే బీరువా తాళాలు ఉంటాయి, అది తెలుగు. వేరుపడిన అన్నదమ్ముల్లో ఎవరి తాళం వాళ్లదే, అది ఇంగ్లీషు. ఈ పోలిక సారుదే. మా నాయన, చిన్నాయన వేరుపడిన సంగతి ఆయనకు తెలుసు కాబట్టే వాడారేమో అని నా అనుమానం.

అందుకని పద్ధతి మారింది. తెలుగు వాక్యం రాయగానే చివరి క్రియ కింద గీత గీయాలి. మిగిలిన ప్రతి సగం క్రియకూ సున్నా చుట్టాలి. ఒక్కో సున్నా పక్కన రెండు ప్రశ్నలకు జవాబు రాయాలి: ఎవరు? ఎప్పుడు? అది రాసేదాకా ఇంగ్లీషు ముట్టుకోకూడదు. తాళంచెవి వాక్యానికి అట్లా చేస్తే అన్నిటికీ కర్త నేనే, అన్నీ జరిగిపోయినవే. ఇక ఒకే దారంలో గుచ్చాల్సిన పని లేదు. "ఐ గాట్ అప్, హ్యాడ్ ఎ బాత్, ఏట్ అండ్ టుక్ ద బస్." ఇక్కడ ఫుల్‌స్టాప్. "వెన్ ఐ గాట్ టు ద ఆఫీస్, ఐ రియలైజ్డ్ దట్ ఐ హ్యాడ్ లెఫ్ట్ ద కీ ఎట్ హోమ్." ‘చూస్తే’ అన్న మాట చూడటం కాదు, తెలియడం. మనం ఊపిరి బిగబట్టి చివరిదాకా పోయి అక్కడ వదులుతాం. ఇంగ్లీషువాడు మధ్యలోనే ఆగి నీళ్లు తాగుతాడు. ఒక తెలుగు వాక్యాన్ని రెండు ఇంగ్లీషు వాక్యాలు చేయడం నేరం కాదని తెలిసినరోజు నాకు సగం టెన్షన్ పోయింది.

ఇక ‘కొన్న’ దగ్గర నేను మూడు వారాలు ఇరుక్కుపోయాను. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి.

నేను కొన్న బండి. బండి కొన్న మనిషి. బండి కొన్న షోరూము. బండి కొన్న రోజు. బండి కొన్న డబ్బు. అన్నిట్లోనూ ‘కొన్న’ ఒకటే, అక్షరం మారదు. మనకు ఎప్పుడూ అనుమానం రాదు, అర్థం దానంతటదే తెలిసిపోతుంది. బండి ఎవర్నీ కొనదు కదా, డబ్బు తనంతట తాను ఏదీ కొనదు కదా అని బుర్ర సర్దుకుంటుంది. ఇంగ్లీషులో ఈ ఐదూ ఐదు దారులు. "ద బైక్ దట్ ఐ బాట్." "ద మ్యాన్ హూ బాట్ ద బైక్." "ద షోరూమ్ వేర్ ఐ బాట్ ద బైక్." "ద డే ఐ బాట్ ద బైక్." ఐదోదానికి "ద మనీ ఐ బాట్ ద బైక్ విత్." చివర్లో ఆ ‘విత్’ ఎందుకు వేలాడుతోందో నాకు అర్థం కాలేదు. డబ్బుతో బండి కొన్నాను అన్నప్పుడు ఉన్న ‘తో’ అదేనట. తెలుగులో ‘కొన్న డబ్బు’ అనగానే ఆ ‘తో’ని మనం మింగేస్తాం. ఇంగ్లీషు మింగదు, ఎక్కడో ఒకచోట కక్కాల్సిందే.

అప్పటి నుంచి మింగినవాటి కోసం వెతకడం నాకు ఆటలాగా అయింది. తిన్న కంచం: కంచంలో తిన్నాం, ‘లో’ మింగాం. కూరగాయలు తరిగిన కత్తి: ‘తో’. నేను వచ్చిన బస్సు: ‘లో’. పిల్లనిచ్చిన ఊరు: ‘కి’. పంచాయితీ జరిగిన రచ్చబండ: ‘దగ్గర’. బస్సులో కూర్చుని దారిన కనపడే ప్రతిదానికీ ఒక ‘న’ తగిలించి, లోపల ఏం మింగామా అని చూసేవాణ్ణి. ప్రొద్దుటూరు నుంచి కడపకు గంటన్నర ప్రయాణం ఎట్లా గడిచేదో తెలిసేది కాదు.

ఇందులో నాకు బాగా నచ్చింది ‘కాలు విరిగిన కుర్చీ’. విరిగింది కాలు, కుర్చీ కాదు. ఇక్కడ మింగింది ‘యొక్క’. కుర్చీ యొక్క కాలు. "ఎ చెయిర్ హూజ్ లెగ్ ఈజ్ బ్రోకెన్." ‘హూజ్’ అనే మాట చూస్తేనే నాకు భయం. అది మనుషులకే వాడతారనుకునేవాణ్ణి, కుర్చీకి కూడా వాడొచ్చట. ‘కొడుకు అమెరికాలో ఉన్న ఆయన’, ‘చక్రం గాలి పోయిన సైకిలు’, ‘మొగుడు తాగే ఆమె’. ఊళ్లో మనం మనుషుల్ని గుర్తుపట్టేది ఇట్లాగే కదా. ఒక్క ఆదివారంలో ఇరవై ‘హూజ్’ వాక్యాలు రాశాను. సారు భార్య టీ తెచ్చి, నోట్‌బుక్కులోకి తొంగిచూసి, "ఊరందరి బాగోతాలూ రాసినావే" అన్నారు.

తెలుగులోనూ ఇంగ్లీషు క్లాజుకు దగ్గరగా ఉండే కట్టు ఒకటుంది. ‘ఎవరు ముందు వస్తారో వాళ్లకు ఇస్తాం’, ‘ఏది చవకో అది కొను’. రెండు ముక్కలకూ వేర్వేరు క్రియలు ఉంటాయి. మొదట్లో ప్రతి ‘హూ’, ‘విచ్’ వాక్యాన్నీ ఇట్లా విడగొట్టుకుని రాసేవాణ్ణి. బండి నేర్చుకునేటప్పుడు వెనక పట్టుకున్న చెయ్యిలాగా బాగా ఉపయోగపడింది. దీని ప్రమాదం కూడా తెలుసుకున్నాను. టీవీ చర్చల్లో, మీటింగుల్లో ‘ఏదైతే ప్రభుత్వం తీసుకొచ్చినటువంటి పథకం ఏదైతే ఉందో’ అని సాగదీస్తారు చూడండి, నా తెలుగు కూడా అట్లా తయారవడం మొదలైంది. ఒకరోజు ఇంట్లో ‘ఏదైతే కూర ఉందో అది వెయ్యి’ అన్నాను. నా భార్య గరిటె పట్టుకుని అట్లాగే చూసింది.

మిగిలిన చిక్కుల్లో కొన్ని తొందరగానే వదిలాయి. ‘వానొచ్చినా ఆట ఆగలేదు’కు నేను ‘ఆల్దో’ పెట్టి మళ్లీ ‘బట్’ కూడా పెట్టేవాణ్ణి. రెండిట్లో ఒకటి చాలని చెప్పారు, అయిపోయింది. ‘నేను స్టేషనుకు పోయేసరికి రైలు వెళ్లిపోయింది’ అందరూ నేర్చుకునేదే. రెండు పాత పనుల్లో ముందు జరిగినదానికి ‘హ్యాడ్’. దానికీ ఎక్కువ రోజులు పట్టలేదు, ఎందుకంటే ‘ఎప్పుడు?’ అని సున్నా పక్కన రాసేటప్పుడే ఏది ముందో తెలిసిపోతుంది.

‘రాకముందు’ మాత్రం కొన్నాళ్లు ఏడిపించింది. ‘వాన రాకముందే ఇంటికి చేరినాం.’ మన మాటలో లేదనే అర్థం దాగి ఉంది, రాక, అంటే రాకుండా. అందుకని నేను "బిఫోర్ ద రెయిన్ డిడ్ నాట్ కమ్" అని రాశాను. సారు దాన్ని పైకి చదివి, "అయితే వాన వచ్చిందా, రాలేదా?" అని అడిగారు. మైదుకూరు మెయిలు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. బిఫోర్‌లోనే ఆ ‘ఇంకా రాలేదు’ కలిసి ఉంది, మళ్లీ నాట్ పెట్టకూడదట. ‘నువ్వు డబ్బు కట్టనంతవరకు సరుకు పంపం’ కూడా అంతే. అక్కడ ‘అన్‌టిల్’. దాని వెనక నాట్ పెడితే డీలరు ఆ కాగితం చూపించి నన్ను ఆడుకుంటాడు.

‘అని’ గురించి కూడా రెండు మాటలు. ‘రేపు వస్తానని చెప్పాడు.’ వాడి మాటను వాడి నోటితోనే తెచ్చి, వెనక ‘అని’ తగిలించి పెట్టేస్తాం. వస్తాను అన్నది నేను కాదు, వాడు. నేను డీలర్ల మాటలన్నీ ఆఫీసుకు "హీ సెడ్ దట్ ఐ విల్ పే టుమారో" అని రాసి పంపేవాణ్ణి. పాత మెయిళ్లు తీసి చూస్తే మూడేళ్లపాటు మా ఏరియా డీలర్ల బాకీలన్నీ నేనే కడతానని రాసిచ్చినట్టుంది! ఆ మేనేజరు ఓపికకు ఇప్పుడు దండం పెడతాను. ‘అని’ కనపడగానే దాని ముందున్న ‘నేను’ ఎవరో అడగాలి, తర్వాత మాట చెప్పిన రోజును బట్టి కాలం వెనక్కి జరపాలి. "హీ సెడ్ దట్ హీ వుడ్ పే ద నెక్స్ట్ డే."

మా అక్క కూతురు ఇంటర్. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియమే. సెలవులకు వచ్చినప్పుడు నా నోట్‌బుక్కు చూసి, "మామా, వేర్ డజ్ హీ లివ్ ఐ డోంట్ నో అంట!" అని పడీపడీ నవ్వింది. ‘ఆయన ఎక్కడుంటాడో నాకు తెలీదు’ అనే వాక్యానికి నేను రాసిన ఘనకార్యం అది. "ఐ డోంట్ నో వేర్ హీ లివ్స్" అని దిద్దింది. ఎందుకట్లా అని అడిగితే, "అట్లే అంటారు మామా, అంతే" అంది. దాని చెవికి తెలుసు, నోటికి తెలీదు. ఆ ‘ఎందుకు’ నాకు నేనే పట్టుకున్నాను. నోట్‌బుక్కులో నేను సరిగ్గా సాధించిన మొదటి రహస్యం అదే కాబట్టి కొంచెం గొప్పగానే చెప్పుకుంటాను. ‘ఎక్కడుంటాడు?’ అంటే ప్రశ్న. ‘ఎక్కడుంటాడో’ అంటే ప్రశ్న చచ్చిపోయింది, మామూలు వాక్యంలో ముక్క అయిపోయింది. ఆ ‘ఓ’ ఉన్నచోటల్లా ఇంగ్లీషులో డు, డజ్, డిడ్ తీసేసి మామూలు వరస పెట్టాలి. ‘ఎప్పుడొస్తుందో’, ‘ఎంతవుతుందో’, ‘ఎందుకు అలిగిందో’, ‘ఉందో లేదో’. ఆ ‘ఉందో లేదో’కు ‘వెదర్’. సారుకు చూపిస్తే పేజీ పైన పెద్ద టిక్కు పెట్టారు.

మేనకోడలికి నేను కూడా ఒక పరీక్ష పెట్టాను. "ద కీ విత్ విచ్ షీ ఓపెన్డ్ ద బాక్స్" తెలుగులో చెప్పమన్నాను. "ఏ తాళంచెవితో అయితే ఆమె డబ్బాని ఓపెన్ చేసిందో ఆ తాళంచెవి" అంది. ‘ఆమె పెట్టె తీసిన తాళంచెవి’ అంటే సరిపోయేది. నాకు ఒక వైపు తలుపు మూసుకుంటే దానికి ఇంకో వైపు. ఆ వేసవి రెండు వారాలు ఇద్దరం కలిసి కూర్చున్నాం. నేను ఎడమ నుంచి కుడికి, అది కుడి నుంచి ఎడమకు.

అట్లా తిప్పి రాయడం కూడా సారు పద్ధతిలో భాగమే. వారం తర్వాత ఎడమ పేజీని కాగితంతో మూసి, కుడి పేజీ ఇంగ్లీషును మళ్లీ తెలుగులోకి రాయాలి. తర్వాత ఆ తెలుగును మళ్లీ ఇంగ్లీషులోకి. మొదట రాసినదానితో పోల్చి చూసుకోవాలి. 16వ శతాబ్దంలో ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్‌కు చదువు చెప్పిన రోజర్ ఆస్కమ్ లాటిన్ ఇట్లాగే నేర్పాలని చెప్పాడట. "రాణిగారికి పనికొచ్చింది, ప్రొద్దుటూరులో నీకు పనికిరాదా?" అన్నారు సారు. నా అనుభవంలో అన్నిటికంటే విసుగు పుట్టించిన పని ఇదే. ఎక్కువ లాభం చేసిందీ ఇదే. ఇంగ్లీషు తప్పుగా రాసి ఉంటే తెలుగులోకి తిరిగొచ్చేటప్పుడు అర్థం అడ్డం తిరిగేది, ఎవరూ చెప్పకుండానే తప్పు దొరికిపోయేది.

బ్రౌన్ దొర సంగతి కూడా అప్పుడే మాటల్లో వచ్చింది. ఆదివారాల్లో ఆ గ్రంథాలయం ముందు నుంచి పోతున్నా నాకు పెద్దగా తెలియదు. ఆయన 1820లో కలెక్టరు కింద ఉద్యోగానికి కడపకు వచ్చాడు. జనం చెప్పే మాట అర్థం కావాలి, రెవెన్యూ కాగితాలు చదవాలి. చేతిలో ఉన్నవల్లా 1816లో మద్రాసులో క్యాంబెల్ అనే ఇంకో దొర అచ్చువేసిన తెలుగు వ్యాకరణం లాంటి ఒకటి రెండు పుస్తకాలే. అక్కడి నుంచి మొదలుపెట్టి 1840లో తనే తెలుగు వ్యాకరణం రాశాడు, 1852కల్లా తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. నాకు వంద వాక్యాలకే నీరసం వస్తుంటే, ఆ మనిషి ‘కొన్న బండి’, ‘బండి కొన్న మనిషి’ తేడాతో అటువైపు నుంచి ఎంత కుస్తీ పట్టి ఉంటాడో అనిపించింది. ఆ తర్వాత ఆ గేటు ముందు నుంచి పోయేటప్పుడు ఒకసారి లోపలికి చూడటం అలవాటైంది.

ఎనిమిది నెలల తర్వాత సారు సామెతలు ఇవ్వడం మొదలుపెట్టారు. తేలికవి ముందు. ‘మొరిగే కుక్క కరవదు.’ ‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి.’ ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు.’ ఇంగ్లీషు సామెతలు వెతికి పెట్టొద్దు, ఉన్నది ఉన్నట్టు వాక్యం కట్టు అన్నారు. ఒక ఆదివారం ఇది ఇచ్చారు:

‘ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే, చుట్టకు నిప్పు ఇమ్మన్నాడట ఒకడు.’

పది మాటలు కూడా లేవు. సున్నాలు చుట్టడం మొదలుపెడితే ఒక్కో సున్నాలో ఒక్కో గుంత. ‘కాలి’ క్త్వార్థకం. మామూలుగా దాని కర్త, దాని తర్వాత వచ్చే క్రియ కర్త ఒకటే ఉంటాయి. ఇక్కడ కాలింది ఇల్లు, ఏడ్చింది మనిషి. పైగా అది వట్టి ‘తర్వాత’ కాదు, కారణం. ఎప్పుడు? ఏడుపుకు ముందు, కాబట్టి ‘హ్యాడ్’. ‘ఏడుస్తుంటే’లో ‘తే’ ఉంది, అది ఇఫ్ కాదు. జరుగుతూ ఉన్న పని. ‘ఇమ్మన్నాడు’లో ‘ఇవ్వు’ అని ఒకడు ఇంకొకడితో అన్న మాట దాక్కుని ఉంది. రెండు ‘ఒకడు’లు ఇద్దరు వేర్వేరు మనుషులు, ఇంగ్లీషులో ఇద్దరినీ ‘వన్ మ్యాన్’ అంటే కుదరదు. చివర్లో ‘అట’. నేను చూడలేదు, ఎవరో చెప్పారు అని.

ఆ ఒక్కదానికి రెండు గంటలు పట్టింది. సారు పేపరు చదువుకుంటూ పక్కనే కూర్చున్నారు, ఒక్క మాట అందించలేదు. నేను రాసింది ఇది: "ఎ మ్యాన్ వాజ్ క్రయింగ్ బికాజ్ హిజ్ హౌస్ హ్యాడ్ బర్న్‌ట్ డౌన్, అండ్ అనదర్ మ్యాన్, దే సే, ఆస్క్‌డ్ హిమ్ ఫర్ ఎ లైట్ ఫర్ హిజ్ చెరూట్." చుట్టకు ‘చెరూట్’ అనే మాట మాత్రం సారు ఇచ్చారు. తమిళ చురుట్టు నుంచి పోయిందని చెప్పారు. ఎర్ర ఇంకు పడలేదు. "‘వెన్’ పెట్టి ఇంకో రకంగా రాయి" అని మాత్రం అన్నారు. రాశాను. అదీ నిలబడింది.

14 నెలల్లో మూడు నోట్‌బుక్కులు అయ్యాయి. ఇంగ్లీషు గడగడా మాట్లాడతానా అంటే లేదు. ఫోన్‌లో వేగంగా మాట్లాడేవాళ్ల ముందు ఇప్పటికీ తడబడతాను. మాట్లాడటానికి ఈ పద్ధతి సరిపోదు, దానికి నోరు వేరే తిరగాలి. ‘ద’ ఎక్కడ పెట్టాలో ఎక్కడ వద్దో ఈ రోజుకూ చీకట్లో రాయి వేసినట్టే. తెలుగులో దానికి జోడీ లేదు కాబట్టి తర్జుమాతో అది పట్టుబడదు. మెయిలు రాయడం మాత్రం మారింది. ఇప్పుడు కాగితం మీద సున్నాలు చుట్టను. ఎవరు, ఎప్పుడు అనేవి రాసేటప్పుడే లోపల ఎక్కడో వినపడతాయి.

2023 వేసవిలో మళ్లీ అదే డీలరు, మళ్లీ అదే బాకీ. మళ్లీ మైదుకూరు. ఆఫీసుకు రాసిన మెయిలులో ఒక లైను: "వెన్ ఐ వెంట్ దేర్ ఎట్ ఫోర్, ద షాప్ వాజ్ క్లోజ్డ్, అండ్ ద మ్యాన్ హూ రన్స్ ద టీ స్టాల్ నెక్స్ట్ డోర్ టోల్డ్ మీ దట్ ద ఓనర్ హ్యాడ్ గాన్ టు తిరుపతి." పంపేముందు ఆగి చూశాను. ఒక వెన్, ఒక హూ, ఒక దట్, ఒక హ్యాడ్. పక్కన టీ అంగడి నడిపే ఆయన, చెప్పాడు, వెళ్లాడని. అన్నీ ఉన్నాయి.

పది నిమిషాల్లో మేనేజరు జవాబు వచ్చింది. "ఓకే. గో అగైన్ ఆన్ మండే."